మేష్టారి రచనల లెక్క కట్టేముందు

చి. అమ్మాయికి,

మావయ్య ఆశీస్సులు. లైబ్రరీ సైన్సు ప్రాజెక్టుకి మీ సోషియాలజీ మేష్టారి రచనలు, సైటేషన్లు (వేరే రచనల్లో వాటిని ఉదహరించిన సందర్భాలు) తీసుకున్నావని, గూగుల్ స్కాలర్ (పరిశోధన రచనల్ని వెతికిపెట్టే సైటు) తెరిచి అంకెలు ఎక్కించడం మొదలుపెట్టావని రాశావు. అక్కడే ఆపు. ముందు ఆయన ఏమేం రాశారో పూర్తి జాబితా తయారవ్వాలి. జాబితాకెక్కని పుస్తకానికి సైటేషన్లు ఎవరు వెతుకుతారు?

ఆయన బయోడేటాతో మొదలుపెట్టు గానీ దాన్నే నమ్ముకోకు. పుస్తక సమీక్షలు, ముందుమాటలు, సెమినార్ సంపుటాల్లో వ్యాసాలు, ప్రాజెక్టు రిపోర్టులు అందులోంచి జారిపోతూ ఉంటాయి. పైగా బరంపురం, పర్లాకిమిడి వైపు మేష్టార్లు ఇంగ్లీషు, ఒడియా, తెలుగు మూడింట్లోనూ రాస్తారు. డేటాబేసుల కంటికి ఆనేది చాలావరకు ఇంగ్లీషే. కాబట్టి లైబ్రరీ బీరువాల దగ్గర కూర్చోక తప్పదు. ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ పాత సంచికలు జేస్టోర్ అనే ఆన్‌లైన్ పత్రికల భాండారంలో దొరుకుతాయి. ఆయన దగ్గర పీహెచ్‌డీ చేసినవాళ్ల సిద్ధాంత గ్రంథాలకి శోధ్‌గంగ సైటు చూడు.

ఎక్సెల్లో ఒక్కో రచనకి ఒక్కో వరస ఇవ్వు. ఏడాది, రకం, భాష, శీర్షిక, ఎక్కడ అచ్చయింది, సహరచయితలు, పేజీలు, డీఓఐ (ఆన్‌లైన్లో ఒక్కో రచనకి ఇచ్చే శాశ్వత గుర్తింపు సంఖ్య), ఇవి గళ్లు. పుస్తకం, సంపాదకత్వం, అధ్యాయం, వ్యాసం, సమీక్ష వేటికవే. కలిపేస్తే నలభై పేజీల వ్యాసమూ రెండు పేజీల సమీక్షా ఒకటే అయిపోతాయి. పునర్ముద్రణని కొత్త పుస్తకంగా లెక్కించకు. ఒడియా శీర్షికని ఒడియా లిపిలోనే ఉంచి, పక్క గడిలో ఇంగ్లీషు అక్షరాల్లో రాయి. ఒక హెచ్చరిక: ఈ ఫైలుని ఎక్సెల్లోంచి మామూలు సీఎస్‌వీగా (కామాలతో విడదీసిన ఉత్త అక్షరాల ఫైలుగా) దాస్తే ఒడియా, తెలుగు అక్షరాలు పోయి ప్రశ్నార్థకాలు మిగలొచ్చు. దాచేటప్పుడే 'సీఎస్‌వీ యూటీఎఫ్-8' అన్న రకం ఎంచుకోవాలి, అది అన్ని లిపుల్నీ నిలబెడుతుంది. అక్షరాలు పోయాక సేవ్ అయిందో, పని మళ్లీ మొదటికొస్తుంది.

తరవాతి చిక్కు పేర్లది. మనవాళ్ల ఇంటిపేరు ఒకచోట ముందుంటుంది, ఒకచోట వెనకుంటుంది, ఇంకోచోట ఒక్క పొడి అక్షరమై మిగులుతుంది. చివర 'రావు' ఉందంటే స్కాలర్ ఎవరెవరి వ్యాసాలో తెచ్చి మేష్టారి ఖాతాలో వేస్తుంది. ఆయన పేరు ఎన్ని రకాలుగా అచ్చయిందో ముందు ఒక కాగితం మీద రాసుకుని, ఒక్కోదానితో విడివిడిగా వెతుకు. ఊరి పేరూ అంతే. ఒడిశాలోని మన బరంపురానికీ, బెంగాల్లో ముర్షిదాబాద్ జిల్లా బెర్హంపూర్‌కీ ఇంగ్లీషు స్పెల్లింగులో తేడా ఒకటి రెండు అక్షరాలే. గజపతి, రాయగడ జిల్లాలు 1992లో ఏర్పడ్డాయి కనక, అంతకుముందు రాసిన వాటిని గంజాం, కోరాపుట్ పేర్లతో వెతకాలి. అక్కడి గిరిజనుల పేరు సవర అన్నమాటకే ఇంగ్లీషులో సోరా, సౌరా, సవర అని మూడు రూపాలున్నాయి.

ఇప్పుడు సైటేషన్లు. స్కాలర్, ఇంకా స్కోపస్, వెబ్ ఆఫ్ సైన్స్ అనే సైటేషన్ డేటాబేసులు, ఈ మూడింట్లోనూ ఒకే రోజు అంకెలు తీసుకుని ఆ తేదీ వెయ్యి. మూడింటినీ కలిపి కూడకు. ఒకే సైటేషన్ మూడుసార్లు పడుతుంది. స్కాలర్ సిద్ధాంత గ్రంథాల్నీ, రిపోర్టుల్నీ కూడా లెక్కలోకి తీసుకుంటుంది కాబట్టి అక్కడ అంకె పెద్దగా ఉంటుంది. మిగతా రెండూ తాము ఎంచుకున్న పత్రికల్నే ముఖ్యంగా చూస్తాయి, పుస్తకాల దగ్గర బాగా తడబడతాయి. స్కాలర్‌లో ఒకే పుస్తకం రెండు మూడు వరసలుగా కనబడితే, ప్రొఫైల్ మేష్టారిదే కనక ఆయన్నే టిక్కు పెట్టి మెర్జ్ చెయ్యమను. పబ్లిష్ ఆర్ పెరిష్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ స్కాలర్ ఫలితాల్ని ఫైలుగా దించి ఇస్తుంది. ఆయన తన్ను తాను ఉదహరించుకున్నవి వేరే గడిలో చూపించు. అది తప్పేం కాదు, ఒకే ఊరి మీద ఇరవై ఏళ్లు పనిచేసేవాడు తన పాత వ్యాసాన్ని చూపించక ఏం చేస్తాడు? కాకపోతే చదివేవాళ్లకి తెలియాలి.

హెచ్-ఇండెక్స్‌ని వెబ్‌సైట్ చెప్పింది చెప్పినట్టు ఎక్కించకు, నీ జాబితా మీద నువ్వే కట్టు. కనీసం ఆరేసి సైటేషన్లున్న రచనలు ఆరుంటే హెచ్ 6, అలా ఎంత పెద్ద అంకె దాకా కుదిరితే అదే హెచ్-ఇండెక్స్. పది రచనలకి సైటేషన్లు 41, 22, 12, 9, 7, 6, 6, 3, 1, 0 అనుకో. పెద్ద అంకె నుంచి దిగుతూ వస్తే ఆరోదానికి 6 ఉన్నాయి, ఏడోదానికి 7 లేవు. కాబట్టి హెచ్ 6. పదీ అంతకుమించీ ఉన్నవి మూడే, ఐ10 అంటే 3. ఇప్పుడు ఆ 41 కాస్తా 141 అయిందనుకో, హెచ్ కదలదు. ఆ రెండు ఆరులకీ చెరొక్క సైటేషన్ వస్తే చాలు, 7 అయిపోతుంది. 2005లో దీన్ని ప్రతిపాదించిన హిర్ష్ భౌతిక శాస్త్రవేత్త. అక్కడ పని వ్యాసాల మీద నడుస్తుంది. జీవితమంతా పెట్టి రెండు గట్టి పుస్తకాలు రాసినాయన హెచ్ ఎన్ని సైటేషన్లొచ్చినా 2 దాటదు. ఈ మాట నీ రిపోర్టులో తప్పక రాయి.

సహరచన శాతానికి సుబ్రమణ్యం 1983లో ఇచ్చిన సూత్రం వాడు, ఉమ్మడి రచనల్ని మొత్తం రచనలతో భాగించడమే అది. 60 రచనల్లో 18 ఉమ్మడివైతే 0.30, అంతే.

కాలం సంగతి కూడా ఉంది. పత్రికల పలుకుబడిని కొలిచే ఇంపాక్ట్ ఫాక్టర్ చూసేది అంతకుముందు రెండేళ్లలో వచ్చిన వ్యాసాల్నే. సమాజశాస్త్రంలో రచన అందరి చేతుల్లోకీ వెళ్లడానికే అంతకంటే ఎక్కువ పడుతుంది. పర్లాకిమిడిలో ఉండి సవర భాష నేర్చుకున్న గిడుగువారి సవర మాన్యువల్ 1931 నాటిది. ఆ భాష మీద పనిచేసేవాళ్లు ఇవాళ్టికీ దాన్ని చూపిస్తూనే ఉన్నారు. కాబట్టి మొత్తం ఒక్కటే ఇవ్వక, ఏ ఏట ఎన్ని వచ్చాయో గ్రాఫు గియ్యి.

ఇంకొకటి, అందరూ వదిలేసేది. ఉదహరించిన వ్యాసాల్లో ఓ పాతిక తెరిచి, మేష్టారి పేరు వచ్చిన పేరా చదువు. పేరు ఊరికే జాబితాలో పడిందా, ఆయన పోగుచేసిన వివరాలు వాడుకున్నారా, ఆయన వాదంతో తగువు పెట్టుకున్నారా అని మూడు గుర్తులు పెట్టు. తగువు పెట్టుకున్నదీ సైటేషనే, నన్నడిగితే అదే ఎక్కువ విలువైనది.

జాబితా తయారయ్యాక, అంకెలు ఎక్కించకముందే, ప్రింటు తీసి మేష్టారికి ఇచ్చి రా. అక్షరాలు కాస్త పెద్దవి పెట్టు, వరసల మధ్య ఆయన పెన్నుతో రాయడానికి చోటు వదులు.

మీ మావయ్య