టెక్ సందేహాలు: ర్యామ్ ఖాళీగానే ఉంది, అడిగితే లేదంటోంది

ప్రశ్న: మారతహళ్లిలో ఓ స్టార్టప్‌లో సర్వర్లు చూసుకుంటాను. లినక్స్ సర్వర్‌లో 32 జీబీ ర్యామ్ ఉంది, అందులో 8 జీబీ దాకా ఎప్పుడూ ఖాళీయే. అయినా లాగ్‌లో ‘పేజ్ అలొకేషన్ ఫెయిల్యూర్, ఆర్డర్ 4’ అని వస్తోంది. రీస్టార్ట్ చేస్తే కొన్నాళ్లు బాగుంటుంది. ర్యామ్ పెంచమంటారా?

జవాబు: అప్పుడే కొనకండి. అసలు సంగతి ఆ 4 అంకెలో ఉంది. కెర్నెల్, అంటే లినక్స్ గుండెకాయ, ర్యామ్‌ను 4 కేబీ ముక్కలుగా పంచుతుంది, వాటినే పేజీలంటారు. ఆర్డర్ 4 అంటే 2×2×2×2, అంటే 16 పేజీలు, 64 కేబీ, ఒకే వరుసలో కావాలని ఎవరో అడిగారన్నమాట. మీ దగ్గర జాగా ఉంది కానీ చెల్లాచెదురుగా ఉంది. శుక్రవారం రాత్రి మడివాలలో విజయవాడ బస్సెక్కితే తొమ్మిది సీట్లు ఖాళీగా ఉన్నా, నలుగురికి ఒకచోట దొరకనట్టు.

ప్రాక్ ఫోల్డర్‌లో బడ్డీఇన్ఫో ఫైల్ తెరవండి. మామూలుగా ఒక్కో వరుసలో ఎడమ నుంచి కుడికి ఆర్డర్ 0 మొదలు 10 దాకా ఖాళీ ముక్కల లెక్క ఉంటుంది. ఎడమ పక్క వేలల్లో ఉండి, ఐదో అంకె నుంచి సున్నాలే కనబడితే రోగం ఇదే.

కదిలే పేజీలను ఒక పక్కకు సర్ది పెద్ద ఖాళీలు చేసే కాంపాక్షన్ 2010లో, 2.6.35 కెర్నెల్‌తో వచ్చింది. చిక్కేమిటంటే, కెర్నెల్ తన సొంత పనికి తీసుకున్న పేజీలు చాలావరకు కదలవు. అలాంటిది ఒక్కటి నడుమ కూర్చుంటే చుట్టూ ఎంత ఖాళీ ఉన్నా కలవదు. అందుకే కదిలేవాటినీ కదలనివాటినీ విడివిడిగా ఉంచే ఏర్పాటు అంతకుముందే, 2.6.24లో చేశారు.

ఆ కాంపాక్షన్‌ను ఇప్పుడే చేయించడానికి, కాంపాక్ట్ మెమరీ ఫైల్‌లో (/proc/sys/vm/compact_memory) రూట్‌గా, అంటే అడ్మిన్ హక్కులతో, 1 రాసి, బడ్డీఇన్ఫో మళ్లీ చూడండి. కుడి పక్క అంకెలు పెరిగితే కెర్నెల్ ఎప్పుడూ ఖాళీగా అట్టిపెట్టుకునే జాగా ఎంతో చెప్పే మిన్ ఫ్రీ కేబైట్స్ సెట్టింగ్‌ను కొంచెం పెంచండి, మరీ ఎక్కువ వద్దు. కెర్నెల్ 5.9 లేదా ఆపైదైతే ఎవరూ అడగకముందే ఎంత చురుగ్గా సర్దాలో చెప్పే కాంపాక్షన్ ప్రోయాక్టివ్‌నెస్ సెట్టింగ్ కూడా ఉంది, డిఫాల్ట్ 20. గంటకోసారి డ్రాప్ క్యాషెస్ కొట్టి, ర్యామ్‌లో దాచిన ఫైళ్ల కాపీలను (క్యాష్) తుడిచేసే క్రాన్ జాబ్, అంటే దానంతటదే నడిచే పని, మాత్రం పెట్టకండి. చాలా ఆఫీసుల్లో ఉంటుంది ఈ అలవాటు. పనికొచ్చే క్యాష్ పోతుంది, ఖాళీ అయినవి పక్కపక్కనే ఉంటాయన్న హామీ లేదు.

ఆ మెసేజ్ కింద స్టాక్ ట్రేస్‌లో, అంటే ఏ ఫంక్షన్ దేన్ని పిలిచిందో చెప్పే జాబితాలో, అడిగిందెవరో కూడా చూడండి. ఆర్డర్ 3 దాటిన కోరికలకు కెర్నెల్ అంతగా పట్టుబట్టి వెతకదు. కాబట్టి అడిగింది డ్రైవర్, అంటే హార్డ్‌వేర్‌ను నడిపే ప్రోగ్రామ్, అయితే అది తక్కువ అడగడమే నా దృష్టిలో అసలు మందు. డ్రైవర్ అప్‌డేట్ చేయండి. మీ టీమ్ రాసిన మాడ్యూలే (కెర్నెల్‌లో చేర్చే కోడ్) అయితే, హార్డ్‌వేర్‌కు వరుస పేజీలే కావాల్సిన చోట తప్ప, మెమరీ అడిగే ఫంక్షన్ కేమాలక్ బదులు కేవీమాలక్ వాడమనండి. వరుసగా దొరక్కపోతే అది విడి పేజీలతో సర్దుకుంటుంది.

ప్రశ్న: మా ల్యాప్‌టాప్‌కూ ర్యామ్‌లో చెదిరిన ముక్కలను సర్దే డీఫ్రాగ్ సాఫ్ట్‌వేర్ వేయాలా?

జవాబు: అక్కర్లేదు. మామూలు ప్రోగ్రామ్‌లకు కనిపించేవి వర్చువల్ అడ్రస్‌లు. కింద పేజీలు ఎక్కడెక్కడున్నా వాటికి వరుసగానే కనబడతాయి.