సిటిజన్‌షిప్ టీచర్ ఖాళీలు దొరకనప్పుడు

ఇంగ్లండ్‌లో పీజీసీఈ (డిగ్రీ తర్వాత చేసే టీచర్ శిక్షణ కోర్సు) చేస్తున్నా, సిటిజన్‌షిప్ (మన పౌరశాస్త్రం లాంటి సబ్జెక్టు) ఉద్యోగాలు ఎందుకు దొరకడం లేదని అడిగారు. లోపం మీ పీజీసీఈలో లేదు, మీరు వెతికే మాటలో ఉంది. "సిటిజన్‌షిప్ టీచర్" అని మూడు నెలలు వెతికితే రెండే ప్రకటనలు కనిపించాయన్నారు. ఇంగ్లండ్ సెకండరీ స్కూళ్లలో 2002 నుంచి ఈ సబ్జెక్టు తప్పనిసరి పాఠ్యాంశాల్లో ఉన్నా, పీరియడ్లు తక్కువ. దానికోసమే ఒక టీచర్‌ను పెట్టుకునే స్కూళ్లు కొన్నే.

1. హ్యుమానిటీస్, పీఎస్‌హెచ్‌ఈ (వ్యక్తిగత, సామాజిక, ఆరోగ్య, ఆర్థిక విద్య), ఆర్‌ఈ (మత విద్య), సోషియాలజీ పేర్లతో వెతకండి. ప్రకటన లోపలి వివరణ చివరిదాకా చదవండి. సిటిజన్‌షిప్ అక్కడ ఒక్క వాక్యంలో ఉండొచ్చు.

2. చాలామంది వదిలేసేది రెండో సబ్జెక్టు. క్యూటీఎస్ (ఇంగ్లండ్‌లో టీచర్‌గా అర్హత గుర్తింపు) మిమ్మల్ని ఒకే సబ్జెక్టుకు కట్టేయదు. మీరు ఇక్కడ, మన దేశంలో బీఏ హెచ్‌ఈపీ చదివారు కదా, అదే మీ బలం. కానీ అక్కడి హెడ్‌టీచర్‌కు "హెచ్‌ఈపీ" అంటే అర్థం కాదు. హిస్టరీ, ఎకనామిక్స్, పొలిటికల్ సైన్స్ అని విడదీసి రాయండి. దరఖాస్తు మొదటి పేరాలోనే "సిటిజన్‌షిప్‌తో పాటు 11–14 ఏళ్ల పిల్లలకు హిస్టరీ చెప్పగలను" అని చెప్పండి. ప్లేస్‌మెంట్‌లో (శిక్షణలో భాగంగా స్కూల్లో పాఠాలు చెప్పేటప్పుడు) హిస్టరీ పాఠం ఒక్కటి చెప్పినా దాని పేరు, క్లాసు రాయండి. చెప్పకపోతే, మీ మెంటార్‌ను ఇప్పుడే ఒక పీరియడ్ అడగండి. దయచేసి మొహమాటపడకండి.

3. వేసవి చివర మానేసే టీచర్లు సాధారణంగా మే 31 లోపు రాజీనామా ఇవ్వాలి. అందుకే సెప్టెంబర్‌లో చేరే ఉద్యోగాల ప్రకటనలు వసంతంలో ఎక్కువ. ప్రభుత్వ "టీచింగ్ వేకెన్సీస్" సైట్‌లో అలర్ట్ పెట్టుకోండి.

4. సెప్టెంబర్‌కు దొరక్కపోయినా కంగారొద్దు. ఇండక్షన్ (కొత్త టీచర్లు పూర్తిచేయాల్సిన తొలి దశ) మొదలుపెట్టడానికి గడువు లేదు, ఈలోగా సప్లై టీచర్‌గా (సెలవులో ఉన్నవారి బదులు తాత్కాలికంగా) చేయొచ్చు.