చీలమండ బెణికి నెల దాటింది, నొప్పి తగ్గింది. ఇంకా ఫిజియోథెరపీ అవసరమా?

చీలమండ బెణికి నెల దాటిందని, ఎముక విరగలేదని ఎక్స్‌రేలో తేలిందని, నొప్పి దాదాపు పోయినా మెట్లు దిగేటప్పుడు కాలు మళ్ళీ మడతపడుతుందేమోనన్న భయం వదలడం లేదని, సాయంత్రానికి కొంచెం వాపు వస్తోందని రాశారు. ఈ స్థితిలో ఫిజియోథెరపీకి డబ్బు పెట్టడం దండగేమో అన్నది మీ సందేహం. నా అనుభవాన్ని బట్టి దండగ కాదు. నొప్పి తగ్గాకే ఫిజియోథెరపీలో అసలు పని మొదలవుతుంది.

నేను బస్సు దిగుతూ చితికిపోయిన రోడ్డు అంచున అడుగు వేసినప్పుడు పాదం లోపలికి తిరిగిపోయింది. చీలమండ బెణుకుల్లో ఎక్కువ భాగం ఇలా జరిగేవే. చీలమండ బయటివైపు ఎముకలను కట్టి ఉంచే పట్టీల్లాంటి లిగమెంట్లు మూడు ఉంటాయి; వాటిలో ముందువైపున ఉన్నది అన్నిటికన్నా బలహీనమైనది కనుక సాధారణంగా మొదట దెబ్బతినేది అదే. కొన్ని రోజులకు కమిలిన రంగు వేళ్ళదాకా దిగి, ఊదా నుంచి ఆకుపచ్చకు, తర్వాత పసుపుకు మారింది. లోపల కారిన రక్తం కిందికి జారడమే తప్ప అది కొత్త దెబ్బ కాదని డాక్టరు చెప్పేదాకా ఇంట్లో అందరూ కంగారుపడ్డారు. మా అత్తయ్యగారు చింతపండు గుజ్జులో ఉప్పు వేసి ఉడికించి వేడివేడిగా పట్టు వేస్తానన్నారు, పక్కింటివారు పుత్తూరు తీసుకువెళ్ళి కట్టు కట్టించమన్నారు. మొదటి రెండు మూడు రోజులు వేడి కాపడం, మర్దన రెండూ వాపును పెంచే అవకాశం ఉందని డాక్టరు వారించారు. క్రేప్ బ్యాండేజి చుట్టుకుని, కాలు దిండు మీద ఎత్తుగా పెట్టుకుని, నొప్పి భరించగలిగినంత మేరకు పాదాన్ని కదిలిస్తూ ఉండమన్నారు.

మీకు ఎక్స్‌రే అయిపోయింది కాబట్టి ఈ మాట మీకు కాదు, ఇది చదివే మిగతావారికి. ప్రతి బెణుకుకూ ఎక్స్‌రే అక్కరలేదని కెనడాలోని ఒటావా వైద్యులు 1992లో కొన్ని నియమాలు ప్రకటించారు. దెబ్బ తగిలిన వెంటనేా, ఆసుపత్రికి వచ్చాకా రెండుసార్లూ నాలుగు అడుగులు వేయలేకపోయినా, చీలమండకు ఇరువైపులా పొడుచుకువచ్చే ఎముకల వెనుక అంచునగానీ కొనమీదగానీ నొక్కితే నొప్పి ఉన్నా, పాదం బయటి అంచు మధ్యలో తగిలే ఎముక గుబ్బ మీదగానీ, పాదం లోపలివైపు మధ్య భాగాన ఉండే ఎముక మీదగానీ నొక్కితే నొప్పి ఉన్నా ఎక్స్‌రే తీయించాలి.

ఇక మీ భయం సంగతి. అది మనసులో పుట్టిన పిరికితనం కాదు. లిగమెంటు ఎముకలను కట్టి ఉంచడమే కాకుండా, పాదం ఏ కోణంలో ఉందో మెదడుకు ఎప్పటికప్పుడు కబురు పంపే నాడుల చివరలను కూడా తనలో ఉంచుకుంటుంది. బెణుకులో ఆ నాడులు దెబ్బతింటే, వాపు తగ్గినా కాలు పట్టు తప్పినట్టు ఉంటుందని ఫ్రీమన్ అనే బ్రిటిష్ శస్త్రవైద్యుడు 1965లోనే రాశారు. దానికి నిలకడ నేర్పే వ్యాయామాలే మందు అన్నారు. ఆ తర్వాత వచ్చిన పరిశోధనలు మరికొన్ని కారణాలను కూడా చేర్చాయిగానీ, ఆ వ్యాయామాల విలువ మాత్రం తగ్గలేదు. ఒకసారి బెణికిన చీలమండ మళ్ళీ మళ్ళీ బెణకడానికి ముఖ్యమైన కారణాల్లో ఒకటి, మనవాళ్ళు సరిగ్గా ఈ దశలోనే ఫిజియోథెరపీ మానేయడం.

నా ఫిజియోథెరపిస్టు మొదటిరోజు చేసిన పరీక్ష మీరు ఇంట్లోనే చేసుకోవచ్చు. గోడకు ఎదురుగా నిలబడి, మడమ నేలకు ఆనించే ఉంచి, మోకాలిని వంచి గోడకు తాకించాలి. తాకగలిగితే పాదాన్ని కొద్దికొద్దిగా వెనక్కి జరుపుతూ పోవాలి. మోకాలు గోడకు అందే చివరి చోట బొటనవేలికీ గోడకూ మధ్య ఉన్న దూరాన్ని ఆమె టేపుతో కొలిచారు. బెణికిన కాలికి ఆ దూరం బాగున్న కాలికన్నా చాలా తక్కువ వచ్చింది. గొంతుక్కూర్చోవలసి వచ్చినప్పుడు నా మడమ ఎందుకు లేచిపోతోందో అప్పుడు అర్థమైంది. నేల మరుగుదొడ్డి వాడేవారికి ఈ వంపు తిరిగి రావడం చాలా అవసరం. బాసింపట్టు వేసుకున్నప్పుడు బయటి ఎముక నేలకు ఒత్తుకుని నొప్పి పుడుతుంటే, కొన్నాళ్ళు కుర్చీ మీద కూర్చోవడమే మేలు.

వంపు కోసం బొటనవేలితో గాలిలో అక్షరాలు రాయమంటారు. అందరూ ఏ, బీ, సీ, డీలు రాయిస్తారు, నేను అ, ఆలు రాశాను. గుండ్రాలు ఎక్కువ కనుక పాదం అన్ని వైపులా తిరుగుతుందని నా సమర్థన. బలం కోసం రబ్బరు పట్టీని మంచం కోడుకు కట్టి, రెండో కొసను పాదానికి తగిలించి పాదాన్ని బయటివైపుకు లాగాలి. పిక్క బయటి పక్కన ఉండే పెరోనియల్ కండరాలు దీనితో గట్టిపడతాయి; పాదం లోపలికి తిరగబోతే అడ్డుకునేవి అవే. ఇక్కడ ఒక దొంగ దారి ఉంది: పాదం బదులు మోకాలు తిరుగుతుంది, మనకు మాత్రం వ్యాయామం బ్రహ్మాండంగా చేస్తున్నట్టే ఉంటుంది. అందుకే ఆమె నా మోకాలి మీద చెయ్యి వేసి పట్టుకునేవారు. పట్టీని లాగడంకన్నా నెమ్మదిగా వెనక్కి వదలడం మీదే ఎక్కువ పట్టుబట్టేవారు.

నిలకడకు ఒంటికాలి మీద నిలబడటాన్ని మించింది లేదు. వంటగట్టు పక్కన నిలబడండి, తూలితే పట్టుకోవచ్చు. మొదట కళ్ళు తెరిచి, అది తేలికయ్యాక కళ్ళు మూసుకుని, ఆపైన మడత పెట్టిన దుప్పటి మీద నిలబడాలి. కళ్ళు మూసుకోగానే పాదం అటూ ఇటూ కదిలిపోతుంది, వేళ్ళు నేలను గిల్లినట్టు పట్టుకుంటాయి. ఆ తడబాటును సరిదిద్దుకోవడమే ఇక్కడి వ్యాయామం కాబట్టి దానికి జంకి ఆపేయకండి. అదే గట్టు పట్టుకుని మడమలు పైకెత్తి నెమ్మదిగా దించడం కూడా చేయండి, మొదట రెండు కాళ్ళతో, బలం వచ్చాక ఒక్క కాలితో.

సాయంత్రం వాపు మరికొన్ని వారాలు ఉండవచ్చు. ఎక్కువసేపు నిలబడితే వస్తుంది, కాలు ఎత్తుగా పెట్టుకుంటే తగ్గుతుంది. అయితే పిక్క మొత్తం వాచి, వెచ్చబడి, నొప్పి చేస్తే మాత్రం అది రక్తం గడ్డకట్టడం కావచ్చు కనుక ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించండి.

డబ్బు విషయానికి వస్తే, కొన్ని క్లినిక్కుల్లో రోజూ రమ్మని, చికిత్స పేరుతో అల్ట్రాసౌండ్ యంత్రం పెట్టి, కరెంటు తగిలించి పంపేస్తారు. నేను మొదట వెళ్ళిన చోటా అదే జరిగింది. చీలమండ బెణుకుకు అల్ట్రాసౌండ్ వల్ల చెప్పుకోదగ్గ మేలు లేదని పరిశోధనలను సమీక్షించినవారు తేల్చారు. కాలిని కదిలించి పరీక్షించి, ఇంట్లో చేయవలసినవి నేర్పి, బాగున్న కాలితో పోల్చి కొలిచే ఫిజియోథెరపిస్టును వెతుక్కోండి. అలాంటివారి దగ్గరకు వారానికి ఒకసారి వెళ్ళి, మిగతా రోజుల్లో ఇంట్లో క్రమం తప్పకుండా చేసుకుంటే సరిపోవచ్చు, నాకు సరిపోయింది. షటిల్ లాంటి ఆటలు ఆడే అలవాటుంటే, ఒంటికాలితో గెంతడం రెండు కాళ్ళకూ సమానంగా వచ్చేదాకా ఆగండి. ఆట మొదలుపెట్టాక కూడా కొన్ని నెలలపాటు ఆడేటప్పుడు తాళ్ళు బిగించుకునే యాంకిల్ బ్రేస్ వేసుకోండి.