మేడ మీద గోల్డెన్ బెర్రీ: మన ఎండల్లో పూత ఎందుకు నిలవదు, కాసిన పండ్లు ఎలా వాడుకోవాలి

విజయవాడలో మేడ మీద గోల్డెన్ బెర్రీ (కాగితం లాంటి తొడుగులో నారింజ రంగు పండ్లు కాసే మొక్క) ఏపుగా పెరిగిందని, మే నెలలో పూసిన పువ్వు పూసినట్టే రాలిపోతోందని, ఏ మందు కొట్టాలని ఒకరు అడిగారు. మందు అక్కర్లేదండి. అది ఎండ దెబ్బ. నేను గుంటూరులో డాబా మీద దీన్ని పెంచుతున్నాను. మన దగ్గర ఇది శీతాకాలపు పంటే. పెరూ, కొలంబియా కొండల చల్లదనంలో పుట్టిన మొక్క, టమాటా కుటుంబం. ఎండలు 40 డిగ్రీలు దాటితే టమాటా పూతే నిలవదు, ఇదెలా నిలుస్తుంది? మన పొలం గట్ల మీద మొలిచే కుప్పంటి దీనికి దగ్గరి చుట్టమే కానీ, ఎండకు ఇది అంత గట్టిది కాదు.

ఉన్న మొక్కను పీకేయకండి. కొమ్మలు సగానికి కత్తిరించి, గ్రీన్ నెట్ నీడలో పెట్టి వానాకాలం దాటించండి. చలి మొదలవగానే మళ్లీ పూస్తుంది. కొత్తగా వేసేదైతే ఆగస్టు చివర్లో నారు పోసి, అక్టోబరుకల్లా పెద్ద కుండీలోకి మార్చండి. సంక్రాంతి దాటాక పండ్లు అందుకోవచ్చు. ఎరువు మరీ ఎక్కువైతే ఆకే తప్ప కాయ ఉండదు. పూత మీద ఉన్నప్పుడు పొద్దున్నే కొమ్మను మెల్లగా ఊపితే పిందె బాగా పడుతుంది. టమాటా, మిరప వడలి చచ్చిపోయిన కుండీ మట్టి మాత్రం దీనికి వద్దు, ఆ తెగుళ్లే దీనికీ వస్తాయి. తెల్లదోమ కనిపిస్తే వేప నూనె చాలు.

కోత విషయంలో జాగ్రత్త కావాలి. కాయ చుట్టూ ఉండే కాగితం లాంటి తొడుగు ఎండుగడ్డి రంగుకు మారి, లోపలి పండు పూర్తిగా నారింజ రంగు తిరిగాకే తినాలి. పచ్చికాయలో, ఆకులో విషపదార్థాలుంటాయి, ఇంట్లో పిల్లలకు ముందే చెప్పి ఉంచండి. అశ్వగంధకు కూడా ఇలాంటి తొడుగులోనే చిన్న ఎర్ర పండ్లు కాస్తాయి. అవి తినే పండ్లు కావు. అందుకే ఏ మొక్కో తెలియకుండా బయట ఎక్కడో కనిపించినది కోసి నోట్లో వేసుకోవద్దు.

తొడుగు తీయకుండా గాలి తగిలే బుట్టలో పెడితే పండ్లు వారాల తరబడి నిలుస్తాయి. పండు మీద జిగురుగా ఉంటుంది, తినేముందు కడగండి. జామ్‌ను గట్టిపరిచే పెక్టిన్ అనే పదార్థం ఇందులో ఎక్కువ కాబట్టి పండ్లు, పంచదార ఉడికిస్తే చాలు, జామ్ దానంతటదే గట్టిపడుతుంది. నాకు మాత్రం పచ్చడే ఇష్టం. పండ్లను నూనెలో మగ్గనిచ్చి, వేయించిన గుంటూరు ఎండుమిర్చి, జీలకర్ర, వెల్లుల్లి, ఉప్పు వేసి రోట్లో కచ్చాపచ్చాగా నూరి తాలింపు పెట్టండి. పులుపు పండులోనే ఉంది, చింతపండు వేయక్కర్లేదు. పెసరట్టులోకి చాలా బాగుంటుంది.