కుక్కకు ఉన్నది విశ్వాసమా, విధేయతా?

సందేహం: చిన్నప్పుడు మా ఇంట్లో పెరిగిన కుక్క గురించి నాలుగు పేజీలు రాసుకున్నాను. ‘అంత విశ్వాసం గల కుక్కను మళ్లీ చూడలేదు’ అని ముగించాను. విశ్వాసం అంటే నమ్మకం కదా, ‘విశ్వాసపాత్రమైన’ అనో ‘విధేయత గల’ అనో ఉండాలని ఒక మిత్రుడు దిద్దాడు. ‘మా కుక్క చనిపోయాడు’ అని రాయడమూ తప్పేనన్నాడు. మేం దాన్ని ఎప్పుడూ ‘వాడు’ అనే అనేవాళ్లం. ఏది సరైనది?

సమాధానం: ‘విశ్వాసం గల కుక్క’ నూటికి నూరు పాళ్లు మంచి తెలుగు. మీ మిత్రుడు చెప్పిన అర్థం సంస్కృతానిది. అక్కడ విశ్వాసమంటే నమ్మకమే. మహాప్రస్థానిక పర్వంలో ధర్మరాజు తన వెంట వచ్చిన కుక్కను వదిలేసి స్వర్గానికి రానంటాడు కదా, సంస్కృత మూలంలో ఆయన దాన్ని ‘భక్తః’ అంటాడు. దాన్ని విడిచిపెట్టడం ‘భక్తత్యాగం’, మహాపాపం అంటాడు. మనం ఈ చోట భక్తి అనం, విశ్వాసం అంటాం. ఉప్పు తిన్న విశ్వాసం, విశ్వాసం లేని మనిషి అన్నప్పుడు నమ్మకం గురించి కాదు మాట్లాడేది. చేసిన మేలు మరవకపోవడం, మనిషిని విడవకపోవడం, ఈ రెండూ కలిసిన గుణం గురించి. తమిళంలోనూ ఈ మాటకు ఇలాంటి అర్థం ఉంది.

నమ్మకం అన్న అర్థమూ మనకు పోలేదు, అవిశ్వాస తీర్మానం అంటున్నాం కదా. రెండు అర్థాలూ కలగాపులగం కాకుండా క్రియ కాపాడుతుంది. ‘కుక్క మీద విశ్వాసం ఉంచాడు’ అంటే నమ్మాడని. ‘కుక్క విశ్వాసం చూపింది’ అంటే మీరు రాసిన అర్థం. ‘విశ్వాసపాత్రమైన కుక్క’ తప్పు కాదు గానీ, దానికి అర్థం మన నమ్మకానికి తగిన కుక్క అని. అక్కడ విశ్వాసం మనది. మీరు చెప్పదలుచుకున్నది కుక్కలో ఉన్నది.

విధేయత మాత్రం వద్దు. విధేయత అంటే చెప్పిన మాట వినడం. నా చిన్నప్పటి కుక్క ఏనాడూ పిలిస్తే వచ్చేది కాదు. కూర్చోమంటే నిలబడేది. ఒకసారి నాకు జ్వరమొచ్చి వారం రోజులు మంచం దిగలేదు. ఆ వారమంతా అది మంచం కింద నా చెప్పుల మీద గడ్డం ఆనించి పడుకుంది. అన్నం గిన్నె చప్పుడు చేసినా లేచేది కాదు. రాత్రి మెలకువ వస్తే కింద నుంచి దాని ఊపిరి వినిపించేది, తాపీగా, ఒకే లయలో. అది వింటూ మళ్లీ నిద్రపోయేవాణ్ని. దాన్ని విధేయత అనడానికి నాకు మనసొప్పదు.

ఊపిరి అన్నాను కాబట్టి ఇదీ చెప్పాలి. విశ్వాసం, శ్వాస ఒకే ధాతువు నుంచి వచ్చాయి. ‘శ్వస్’ అంటే ఊపిరి తీయడం. దానికి ‘వి’ చేరితే భయం లేకుండా ఊపిరి తీసుకోవడం, అందులోంచి నమ్మడం. ఈ వ్యుత్పత్తి తెలిసినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది ఆ మంచం కింది ఊపిరే.

ఇక ‘చనిపోయాడు’ సంగతి. మన వ్యాకరణం జంతువులను మహద్వాచకాల్లో, అంటే మగవాళ్లను తెలిపే మాటల్లో, చేర్చదు, కాబట్టి కుక్క అన్న మాటే కర్తగా ఉంటే ‘చనిపోయింది’ అనాలి. ఈ ఒక్క చోట మీ మిత్రుడి దిద్దుబాటు సరైనదే. కానీ పేరు పెట్టి పిలుచుకున్న కుక్కను ‘వాడు’ అనడం ఎన్నో ఇళ్లలో ఉన్న వాడుక. ‘వాడు చనిపోయాడు’ అని రాయండి, నాకు అభ్యంతరం లేదు. ఒక పేరాలో అది, ఇంకో పేరాలో వాడు కాకుండా చూసుకోండి. చివరి వాక్యం జోలికి మాత్రం వెళ్లకండి.