ప్రభుత్వ విలువ గజం 4 వేలు, కొనేది 12 వేలకు: దస్తావేజులో ఎంత రాయాలి?

ప్రశ్న: తెనాలి దగ్గర ఒక గ్రామంలో 200 గజాల ప్లాటు కొంటున్నాం. గజం 12 వేలు చొప్పున మొత్తం 24 లక్షలు. 2 లక్షలు బ్యాంకు ద్వారా అడ్వాన్సు ఇచ్చి అగ్రిమెంటు రాసుకున్నాం. మధ్యవర్తి మాత్రం "గవర్నమెంటు రేటు గజం 4 వేలే. 8 లక్షలకు రిజిస్ట్రేషన్ చేయించుకుని మిగతాది క్యాష్ ఇచ్చేయండి" అంటున్నాడు. ఆన్‌లైన్‌లో చూస్తే ఆ సర్వే నంబరుకు ఎకరం రేటు ఒకటి, గజం రేటు ఒకటి కనిపించాయి. దేన్ని నమ్మాలి? మధ్యవర్తి మాట వినొచ్చా?
– ఒక గృహిణి, గుంటూరు జిల్లా

జవాబు: అమ్మా, అడ్వాన్సు ఇచ్చాకైనా మీరే స్వయంగా వెతికి చూడటం మంచి పని. మీకు కనిపించిన రెండు రేట్లూ సరైనవే కావచ్చు. ఎకరం రేటు వ్యవసాయ భూమికి, గజం రేటు ఇళ్ల స్థలానికి. మీరు కొనేది ప్లాటు కాబట్టి గజం రేటే లెక్కలోకి వస్తుంది. ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషన్ శాఖ సైట్‌లో జిల్లా, మండలం, గ్రామం ఎంచుకున్నాక సర్వే నంబరును సబ్‌డివిజన్‌తో సహా సరిచూడండి. పక్క సబ్‌డివిజన్ మెయిన్ రోడ్డు మీద ఉంటే దాని రేటు వేరుగా ఉండొచ్చు. మీ దస్తావేజులో రాయబోయే హద్దులను దగ్గర పెట్టుకుని చూడండి. అప్పటికీ సందేహం తీరకపోతే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో మార్కెట్ విలువ ధ్రువపత్రానికి దరఖాస్తు చేసుకోండి.

ఇంకో సంగతి. మీకు వర్తించేది అగ్రిమెంటు రాసుకున్న రోజు విలువ కాదు, దస్తావేజు రిజిస్ట్రేషన్‌కు పెట్టే నాటికి అమల్లో ఉన్న విలువ. 2007లో ఖండకా జైన్ జ్యువెలర్స్ కేసులో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. ఏపీలో 2025 ఫిబ్రవరి 1న విలువలు సవరించారు, మళ్లీ ఎప్పుడైనా సవరించవచ్చు. అందుకే చలానా కట్టే ముందు ఇంకోసారి చూసుకోండి.

ఇక అసలు విషయానికి వస్తాను. ప్రభుత్వ విలువ అనేది స్టాంపు డ్యూటీ అంతకంటే తగ్గకుండా పెట్టిన కనీస లెక్క మాత్రమే, భూమి ధర కాదు. దస్తావేజులో రాసిన ధర, ప్రభుత్వ విలువ, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే దాని మీదే డ్యూటీ. స్టాంపు చట్టం 27వ సెక్షన్ ప్రకారం ఇచ్చిన మొత్తాన్ని దస్తావేజులో ఉన్నదున్నట్టు రాయాలి. "అందరూ ఇలాగే చేస్తున్నారు" అన్న మాటకు చట్టంలో చోటు లేదు.

మధ్యవర్తి చెప్పే ఆదా ఎంతో చూద్దాం. ఏపీలో స్టాంపు డ్యూటీ 5, బదిలీ సుంకం 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 1, మొత్తం 7.5 శాతం. 24 లక్షలకు 1,80,000 అవుతుంది, 8 లక్షలకు 60,000. అంటే మీకు మిగిలేది 1,20,000. రేపు పిల్లల చదువుకో పెళ్లికో అదే ప్లాటును 40 లక్షలకు అమ్మారనుకోండి. కాగితం మీద మీరు కొన్నది 8 లక్షలకే కాబట్టి లాభం 32 లక్షలని లెక్కకడతారు. దీర్ఘకాల లాభంపై 12.5 శాతం చొప్పున పన్ను 4 లక్షలు. నిజం రాసి ఉంటే లాభం 16 లక్షలే, పన్ను 2 లక్షలు. ఇవాళ మిగిలిన దానికంటే ఎక్కువే ఆ రోజు కట్టాల్సి వస్తుంది. ఆ 16 లక్షల క్యాష్‌కు రశీదు కూడా ఉండదు. తర్వాత అమ్మకందారుతో తగాదా వచ్చి డబ్బు వెనక్కి అడగాల్సి వస్తే మీ చేతిలో ఏముంటుంది? పైగా అగ్రిమెంటులో 24 లక్షలు, దస్తావేజులో 8 లక్షలు ఉంటే ఆ రెండు కాగితాలే మీకు ఎదురు సాక్ష్యాలవుతాయి. స్థలం అమ్మకంలో 20 వేలు, అంతకు మించి క్యాష్ తీసుకుంటే తీసుకున్నవారికి అంతే మొత్తం పెనాల్టీ పడుతుంది. ఈ సంగతి అమ్మకందారుకు చెప్పండి. చాలామందికి ఇది తెలియదు.

చాలామంది ఆలోచించనిది ఇంకొకటి ఉంది. రోడ్డుకో కాలువకో ప్రభుత్వం భూమి తీసుకుంటే, 2013 భూసేకరణ చట్టం ప్రకారం పరిహారం లెక్కగట్టేటప్పుడు ప్రభుత్వ విలువతో పాటు చుట్టుపక్కల గత మూడేళ్ల అమ్మకపు దస్తావేజుల్లోని ధరలనూ చూస్తారు. ఊరంతా తక్కువ రాసుకుంటే ఊరంతా నష్టపోతుంది. ఇది నన్ను నిజంగా బాధపెట్టే విషయం. సన్నకారు రైతుకు కోర్టులో చూపించడానికి సరైన ధర రాసిన దస్తావేజు ఒక్కటీ దొరకదు.

ఒక్కోసారి దీనికి తిరగబడి కూడా జరుగుతుంది. దారి లేని పల్లపు ప్లాటుకు ప్రభుత్వ విలువ అసలు ధర కంటే ఎక్కువ ఉంటుంది. అప్పుడు కూడా నిజమైన ధరే రాసి, డ్యూటీ మాత్రం ప్రభుత్వ విలువ మీద కట్టొచ్చు. లేదా స్టాంపు చట్టం 47-ఏ సెక్షన్ కింద అసలు విలువ తేల్చడానికి పై అధికారికి పంపమని (దీన్నే రిఫరెన్సు అంటారు) సబ్ రిజిస్ట్రార్‌ను కోరొచ్చు. అందుకు తేడా డ్యూటీలో సగం ముందుగా డిపాజిట్ చేయాలి. తేడా 10 శాతం దాటి, 50 వేలకు మించితే కొన్నవారి మీద ఆదాయపు పన్ను కూడా పడొచ్చు కాబట్టి ఆడిటర్‌ను అడిగి అడుగు వేయాలి. మీకు ఆ ఇబ్బంది లేదు.

సైట్‌లో విలువ కనిపించినంత మాత్రాన స్థలం మీద హక్కు సక్రమంగా ఉన్నట్టు కాదు. అసైన్డ్, దేవాదాయ, వక్ఫ్, ప్రభుత్వ భూములు రిజిస్ట్రేషన్ చట్టం 22-ఏ సెక్షన్ కింద రిజిస్ట్రేషన్ చేయకూడని నిషేధిత జాబితాలో ఉంటాయి. అదే సైట్‌లో ఆ జాబితా చూడండి, ఈసీ (స్థలం మీద జరిగిన అమ్మకాలు, తాకట్ల వివరాలు చూపే ధ్రువపత్రం) తీయించండి, లింకు డాక్యుమెంట్లు (ఇంతకుముందు చేతులు మారిన దస్తావేజులు) వరుసగా చదివించండి, లేఔట్‌కు అనుమతి ఉందో లేదో కనుక్కోండి. ఇవన్నీ చేతికొచ్చేదాకా ఇంకో రూపాయి ఇవ్వకండి. అన్నీ సరిగా ఉంటే మిగతా 22 లక్షలు చెక్కు లేదా ఆన్‌లైన్ బదిలీ ద్వారానే ఇచ్చి, ఆ వివరాలన్నీ దస్తావేజులో రాయించండి. అమ్మకందారు 8 లక్షలకే రాస్తానని పట్టుబడితే, అగ్రిమెంటులో రాసుకున్న 24 లక్షలకే రిజిస్టర్ చేయమని ముందు లాయరు నోటీసు పంపించండి.