వరద తర్వాత రెండుగా చీలిన భజన బృందం: ముందు ఏకాహం పెట్టండి

అన్నగారూ, వరదకు పంటలు పోయాక సాయం పంపకాల దగ్గర మాటామాటా పెరిగి రామాలయం భజన బృందం రెండుగా చీలిందని, మళ్లీ ఎలా కలపాలని అడిగారు. రాజీ పంచాయితీ మాత్రం పెట్టకండి, పాత లెక్కలన్నీ తవ్వుకుంటారు. ఏకాహం పెట్టండి.

ఏకాహమంటే ఒక రోజంతా ఆగకుండా చేసే నామభజన, సూర్యోదయం నుంచి మర్నాడు సూర్యోదయం దాకా నామం తెగకూడదు. అది ఒక్క వర్గం వల్ల అయ్యే పని కాదు, దాని బలం అక్కడే ఉంది. 2 గంటల చొప్పున 12 వంతులు చేసి, వంతుకు ఇటు ముగ్గురు, అటు ముగ్గురు వెయ్యండి. వర్గానికో వంతు ఇచ్చారంటే పోటీ మొదలవుతుంది. ఎక్కేవాళ్లు పది నిమిషాల ముందే వచ్చి గొంతు కలపాలి, ఆ తర్వాతే దిగేవాళ్లు తాళాలు చేతికివ్వాలి. నామం తెగే ప్రమాదం ఎక్కువగా రాత్రి 2 నుంచి 4 మధ్యే. ఆ వంతుకు ఎనిమిది మందిని పెట్టి, అఖండదీపంలో నూనె చూసే పని ఒకరికి అప్పజెప్పండి. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బయటి మైకు వద్దు, నిబంధన కూడా అదే.

పంట పోయిన ఇంటిని డబ్బు చందా అడగొద్దు. గుప్పెడు బియ్యమైనా తీసుకోండి, ఎవరెంత ఇచ్చారో రాయకండి. వందమంది భోజనానికి 12 కిలోల బియ్యం, 3 కిలోల కందిపప్పు చాలు. కొన్న సరుకుల లెక్క మాత్రం ఆ రోజే గుడి గోడకు అంటించండి. అసలు గొడవ లెక్కల దగ్గరే కదా!

ఆ తర్వాత ప్రతి శనివారం భజన అవగానే, వచ్చే వారం ఎవరి పొలంలో ఇసుక మేట తియ్యాలో అక్కడే తేల్చుకోండి. మొదటి వంతు మగదిక్కు లేని ఇంటి పొలానికి ఇవ్వండి, దానికి ఎవరూ అడ్డు చెప్పరు.